చిన్న ఫుట్‌బాల్ లీగులు ఫాలో అయ్యేవాళ్లు వైజాగ్‌లో ఎవరైనా ఉన్నారా? ఎక్కడ మొదలెట్టాలి?

గాజువాక_కీపర్:

అందరికీ నమస్తే. నేను గాజువాకలో ఉంటాను, షిఫ్ట్ డ్యూటీ ఉద్యోగం. చిన్నప్పటి నుంచి ఫుట్‌బాల్ అంటే ప్రాణం, ఉక్కునగరం గ్రౌండ్లలో ఆడుకుంటూ పెరిగాం, నేను కీపర్ని. ఇన్నేళ్లూ అందరిలాగే ప్రీమియర్ లీగ్, ఛాంపియన్స్ లీగ్ చూస్తూ వచ్చాను, కానీ ఈ మధ్య ఎందుకో మనసు పట్టట్లేదు. మ్యాచ్ అయిన ఐదు నిమిషాలకే గోల్స్ అన్నీ రీల్స్‌లో వచ్చేస్తాయి, డ్యూటీలో ఎవరితో మాట్లాడినా అవే నాలుగైదు టీములు, ఎవణ్ణి ఎన్ని కోట్లకి కొన్నారు, ఎవడు ఎవడి కంటే గొప్ప, అంతే. కీపర్ ఆ క్రాస్‌కి ఎందుకు బయటికి రాలేదు అని మాట్లాడేవాడు ఒక్కడు లేడు.

ఈ మధ్య యూట్యూబ్‌లో ఏదో వెతుకుతుంటే వేల్స్ దేశం లీగ్ మ్యాచ్ ఒకటి లైవ్ కనపడింది, స్గోరియో అనే ఛానెల్. గోల్ వెనకాల స్టాండ్ లేదు, చెట్లు ఉన్నాయి, బాల్ బయటికి పోతే ఒక కుర్రాడు పరిగెత్తుకెళ్లి తెస్తున్నాడు. జనం తక్కువ కాబట్టి కీపర్ తన డిఫెండర్ల మీద అరుస్తున్నది కూడా మైక్‌లో పడుతోంది. కామెంట్రీ వాళ్ల భాషలో, ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ ఆ కీపర్ ఏమంటున్నాడో నాకు తెలుసు, నేనూ అవే అరిచేవాణ్ణి. మ్యాచ్ అయ్యేదాకా ఫోన్ కింద పెట్టలేదు.

అందుకే అడుగుతున్నాను. ఇలాంటి లీగ్ ఒకటి సీజన్ మొత్తం ఫాలో అవ్వాలంటే ఏది ఎంచుకోవాలి, టీమ్‌ని ఎలా పట్టుకోవాలి, ఇక్కడి నుంచి ఎలా చూడాలి, మన టైమ్‌కి ఏవి కుదురుతాయి? ఇంకో మాట, నిజంగానే అడుగుతున్నాను, ఎప్పుడూ కాలు పెట్టని ఊరి టీమ్‌కి మనం ఫ్యాన్ అని చెప్పుకోవచ్చా?

---

బీచ్‌రోడ్_లెఫ్ట్‌బ్యాక్:

అన్నా, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా అనుకో. నేను స్వీడన్ లీగ్ చూస్తాను, ఆల్స్‌వెన్స్‌కాన్ అంటారు. ముందు టైమ్ సంగతి చెప్తా, ఎందుకంటే షిఫ్ట్ డ్యూటీ అన్నావు కదా, చాలామంది అక్కడే ఆగిపోతారు. స్వీడన్, నార్వేల్లో చలికాలం మంచు కాబట్టి వాళ్ల సీజన్ వసంతంలో మొదలై నవంబర్ దాకా నడుస్తుంది. అక్టోబర్ చివరిదాకా మనకీ స్వీడన్‌కీ తేడా మూడున్నర గంటలే. శని ఆదివారాల్లో అక్కడ మధ్యాహ్నం రెండింటి మ్యాచ్ మనకి సాయంత్రం ఐదున్నర, నాలుగున్నర మ్యాచ్ మనకి రాత్రి ఎనిమిది. ఇంట్లో అందరూ మెలకువగా ఉండగానే చూసెయ్యొచ్చు. పైగా ప్రీమియర్ లీగ్ లేని జూన్, జూలైలు కూడా ఖాళీగా పోవు.

ఇక టీమ్. 2025లో ఆ లీగ్ గెలిచింది ఎవరో తెలుసా, మియాల్బీ అనే టీమ్. మాల్మో కాదు, స్టాక్‌హోమ్ టీములు కాదు, సముద్రం ఒడ్డున హెల్లెవిక్ అనే చేపల రేవు పల్లెలో ఉన్న క్లబ్. వాళ్ల గ్రౌండ్ పేరు స్ట్రాండ్‌వాలెన్, దాదాపు బీచ్ మీదే ఉంటుంది, గాలి తిరిగిందంటే కార్నర్ కిక్ ఎటు పోతుందో ఆడేవాడికే తెలీదు. మన రుషికొండ దగ్గర సాయంత్రం పూట ఫుట్‌బాల్ ఆడినవాడెవడికైనా ఆ గాలి సంగతి చెప్పక్కర్లేదు. 2016లో ఇదే టీమ్ మూడో డివిజన్‌లో ఉండి నాలుగో దానికి జారిపోయే అంచుదాకా వెళ్లింది. తొమ్మిదేళ్ల తర్వాత 30 మ్యాచుల్లో 75 పాయింట్లతో రికార్డు కొట్టి, మొత్తం సీజన్‌లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ ఓడి, ఇంకా మూడు మ్యాచులు మిగిలుండగానే గోథెన్‌బర్గ్ వెళ్లి 2-0తో గెలిచి టైటిల్ తెచ్చుకున్నారు. క్లబ్ పుట్టాక అదే మొదటి టైటిల్. అప్పటి కోచ్ తోర్‌స్టెన్సన్ ఆ చుట్టుపక్కల మనిషే, ఇదివరకు స్కూల్ హెడ్మాస్టర్‌గా చేసినాయన. అప్పుడు అసిస్టెంట్ కోచ్‌గా ఉన్న ఆక్సుమ్ ఏమో ఆటగాళ్లు గ్రౌండ్ మీద చుట్టూ ఎలా చూస్తారు అనేదాని మీద పీహెచ్‌డీ చేసినవాడు. బాల్ రాకముందే మిడ్‌ఫీల్డర్ తల ఎన్నిసార్లు తిప్పి చూస్తున్నాడో గమనించు, నువ్వు కీపర్వి కాబట్టి నీకు ఇంకా బాగా పడుతుంది.

ఇంకోటి నాకు చాలా నచ్చింది ఏంటంటే అక్కడ క్లబ్బులో మెజారిటీ మెంబర్ల చేతిలోనే, అంటే ఫ్యాన్స్ చేతిలోనే ఉండాలి అని రూల్, 51 శాతం. డబ్బున్న ఆసామి ఎవడో వచ్చి మొత్తం కొనేసి రంగు మార్చి పేరు మార్చడం కుదరదు. ఫ్యాన్స్ వద్దన్నారని 2024లో క్లబ్బులు ఓటేసి వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీ నిర్ణయం సరిచూసే పద్ధతి, అది కూడా వద్దనేశాయి. గోల్ పడితే గోలే, రెండు నిమిషాలు గీతలు గీసి చూడ్డం ఉండదు, ఎగరాలంటే అప్పుడే ఎగరొచ్చు. దీనికోసమైనా ఆ లీగ్ చూడాలి అంటాను నేను.

టీమ్‌ని ఎలా పట్టుకోవాలి అన్నావు. టేబుల్ చూసి పైన ఉన్నదాన్ని పట్టుకోకు. మ్యాప్ తెరువు, ఆ దేశంలో మన ఊరికి ఏదో ఒక పోలిక ఉన్న ఊరు చూడు, రేవో, స్టీల్ ఫ్యాక్టరీనో, నేవీనో. దాని టీమ్ ఏ డివిజన్‌లో ఉన్నా సరే పట్టుకో, ఒక్క సీజన్ వదలకు. చిన్న లీగ్‌లో రుచి అంతా అక్కడే ఉంది, ఒకే టీమ్‌ని వరసగా చూస్తుంటే రైట్ బ్యాక్‌కి దెబ్బ తగిలితే బెంచ్ మీద నుంచి వచ్చేది పద్దెనిమిదేళ్ల పిల్లాడని నీకు ముందే తెలుస్తుంది, వాడు మొదటి టచ్ సరిగ్గా తీసుకోగానే నీకు ఊపిరి వస్తుంది. హైలైట్స్‌లో అది కనపడదు.

---

మద్దిలపాలెం_మిడ్‌నైట్:

బ్రో టైమింగ్ గురించి లెఫ్ట్‌బ్యాక్ చెప్పింది కరెక్టే గానీ నైట్ షిఫ్ట్ వాళ్లకి ఐర్లాండే బెస్ట్ అంటాను. లీగ్ ఆఫ్ ఐర్లాండ్, ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా, ఎక్కువ మ్యాచులు శుక్రవారం రాత్రే, 7:45కి మొదలు. మనకి ఎండాకాలంలో 12:15 అవుతుంది, మార్చి చివర్లో వాళ్లు గడియారం తిప్పేదాకా 1:15. పది టీములే, ఒక్కొక్కళ్లతో నాలుగేసి సార్లు, మొత్తం 36 మ్యాచులు, కాబట్టి మూడు నెలల్లో నీకు లీగ్‌లో అందరూ తెలిసిపోతారు. లీగ్ వాళ్ల సొంత స్ట్రీమింగే ఉంది, ఎల్ఓఐటీవీ అని, డబ్బు కట్టి చూడొచ్చు.

2024 సీజన్ ఆఖరి రోజు నేను మర్చిపోలేను, షెల్‌బర్న్ టీమ్, కోచ్ డేమియన్ డఫ్, చెల్సీలో ఆడిన డఫ్ ఆయనే, డెర్రీ వెళ్లి గెలిస్తే టైటిల్. డెర్రీ ఉన్నది నార్తర్న్ ఐర్లాండ్‌లో, కానీ 1985 నుంచి ఐర్లాండ్ లీగ్‌లోనే ఆడుతున్నారు, అదో పెద్ద చరిత్ర. మ్యాచ్ చివరికొస్తున్నా 0-0, ఆఖర్లో హ్యారీ వుడ్ కొట్టాడు, 1-0, 2006 తర్వాత మళ్లీ టైటిల్. నేను మేడ మీద ఒక్కణ్ణే గెంతుతుంటే కింద నుంచి మా నాన్న ఏమైందిరా అని లైట్ వేశారు.

నా టీమ్ మాత్రం షెల్‌బర్న్ కాదు, బొహీమియన్స్. 1890లో పుట్టిన క్లబ్, ఓనర్ అంటూ ఎవరూ లేరు, మెంబర్లదే. వాళ్ల జెర్సీల కోసమే ప్రపంచం మొత్తం నుంచి ఆర్డర్లు వస్తాయి. శరణార్థులకి స్వాగతం అని జెర్సీ ముందు భాగం మీదే వేసుకున్నారు 2020లో. ఆ క్లబ్ గురించి చదివాక ఇంక వేరేదానికి మనసు పోలేదు.

---

కంచరపాలెం_సెంటర్‌హాఫ్:

బాబూ కీపర్, స్వీడన్లు ఐర్లాండ్లు అన్నీ బావున్నాయి, పిల్లలు చెప్పింది చదివి సంతోషించాను. నేను రైల్వేలో చేసి రిటైరైనవాణ్ణి, నా మాట కూడా ఒకటి విను. చిన్న లీగ్ కావాలి అంటున్నావు, మన దేశం లీగ్ కంటే చిన్నది, మన వాళ్లకే తెలీనిది ఇంకేటుంది చెప్పు?

2016-17 ఐ-లీగ్ ఒకసారి తీసి చూడు. ఐజ్వాల్ టీమ్ అంతకు ముందు ఏడే కిందకి పడిపోయింది, ఏదో అదృష్టం కలిసొచ్చి మళ్లీ లీగ్‌లో చోటు దొరికింది, ఆ ఏడే ఛాంపియన్ అయిపోయింది. ఆఖరి మ్యాచ్ షిల్లాంగ్‌లో, డ్రా చేసుకుంటే చాలు, 1-1. ఈశాన్యం నుంచి దేశం ఛాంపియన్ అయిన మొదటి క్లబ్ అదే. ఆ కోచ్ ఖాలిద్ జమీల్‌నే 2025లో ఇండియా టీమ్‌కి కోచ్‌ని చేశారు. వీళ్ల మియాల్బీ కథకి ఇది ఏటి తక్కువ? మన దగ్గర రాసినోడు లేడు, చూపించినోడు లేడు, అంతే.

ఇంకొకటి, చాలామంది వైజాగ్ కుర్రాళ్లకి తెలీదు. 2020లో మన దేశం ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఐ-లీగ్‌లోకి కొత్త క్లబ్బుల్ని తీసుకున్నప్పుడు శ్రీనిధి క్లబ్‌ని విశాఖపట్నం క్లబ్ అనే ప్రకటించింది. పేపర్లో చూసి నేను ఎంత సంబరపడ్డానో. మొదటి సీజన్ 2021-22, కోవిడ్ మూలాన మొత్తం కోల్‌కతా బబుల్‌లో ఆడించేశారు. తర్వాత ఇల్లు చూస్తే హైదరాబాద్ పక్కన అజీజ్‌నగర్, డెక్కన్ అరీనా. శ్రీనిధి డెక్కన్ పేరు మీద 2022-23లో రెండో స్థానం, 2023-24లో మళ్లీ రెండో స్థానం. మన ఊరు పేరు మీద మొదలైన క్లబ్ రెండు సార్లు టైటిల్ అంచుదాకా పోయిందంటే మన ఊళ్లో టీ కొట్టు దగ్గర ఒక్కడు మాట్లాడలేదు, నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటాది. అయినా నేను ఆ టీమ్‌నే చూస్తాను.

మన తెలుగోళ్ల ఫుట్‌బాల్ అంటే ఏదో కొత్తగా నేర్చుకుంటున్నది కాదు బాబూ. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ టీమ్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మేం రహీం సాబ్ అంటాం, ఆయన కోచ్‌గా ఉండగానే ఇండియా 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ గోల్డ్ కొట్టింది, 56 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఇప్పుడు చూడు, 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీ పోయింది, పేరే మారిపోయింది. లెఫ్ట్‌బ్యాక్ చెప్పిన ఆ 51 శాతం రూల్ మన దగ్గర ఉండి ఉంటే ఇలా అయ్యేదా అని చదువుతుంటే అనిపించింది.

ఇక కాలు పెట్టని ఊరి టీమ్‌కి ఫ్యాన్ అవ్వొచ్చా అన్నావు. అవ్వు, ఎవడు కాదంటాడు. కానీ కాలు పెట్టగలిగిన గ్రౌండ్ ఒకటి దగ్గరలో ఉండగా అక్కడికి పోకుండా ఉండకు. మనకి దగ్గర హైదరాబాద్ కాదు, భువనేశ్వర్. 440 కిలోమీటర్లు, విశాఖ ఎక్స్‌ప్రెస్, కోణార్క్, ప్రశాంతి అన్నీ అక్కడికే, ఆరేడు గంటల ప్రయాణం. కళింగ స్టేడియంలో ఫ్లడ్‌లైట్ల కింద కూర్చుని, బాల్ తగిలినప్పుడు ఆ చప్పుడు విన్నాక నువ్వే చెబుతావు. టీవీలో బాల్ ఉన్న చోటే చూపిస్తారు, గ్రౌండ్‌లో నీకు నచ్చిన మనిషిని చూసుకోవచ్చు. నేను సెంటర్ హాఫ్‌ని కాబట్టి బాల్ అటు చివర ఉన్నప్పుడు ఇటు ఇద్దరు డిఫెండర్లు ఎంత ఎడం పెట్టుకుని నిలబడ్డారో అదే చూస్తుంటాను.

---

ఎంవీపీ_నెంబర్8:

కీపర్ గారూ, సెంటర్‌హాఫ్ అంకుల్ చెప్పిన దానికి నాది ఇంకొంచెం కలుపుతాను. ఇండియన్ విమెన్స్ లీగ్ చూడండి. ఎవరూ ఈ పేరు ఎత్తరు, అందుకే రాస్తున్నా. టీములు తక్కువ, ఫెడరేషన్ వాళ్ల ఇండియన్ ఫుట్‌బాల్ యూట్యూబ్ ఛానెల్‌లో మ్యాచులు వేస్తూ వచ్చారు, ఖర్చు లేదు. గోకులం కేరళ వరసగా మూడు టైటిల్స్ కొట్టింది, 2023-24లో అంకుల్ చెప్పిన భువనేశ్వర్ టీమే, ఒడిశా ఎఫ్‌సీ, గెలిచింది, 2024-25లో ఈస్ట్ బెంగాల్.

ఆ ఈస్ట్ బెంగాల్ టీమ్‌లో సౌమ్య గుగులోత్ ఉంది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి, మన తెలుగమ్మాయి. వింగ్ మీద ఆడుతుంది. బాల్ కాలికి దగ్గరగా పెట్టుకుని డిఫెండర్ బరువు ఎటు పడిందో చూసి రెండో వైపు తోసేస్తుంది, అంత వేగంలో ఆ చూపు ఎలా కుదురుతుందో నేను ఒక మ్యాచ్ ఆపి ఆపి చూశాను. 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్ తరఫున ఆడింది. 2024-25కి దేశంలో ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే ఇచ్చారు. మన పేపర్లలో క్రికెట్ నెట్ ప్రాక్టీస్‌కి అర పేజీ ఇస్తారు, ఈమె పేరు మాత్రం ఇంటర్ చదువుతున్న మా చెల్లికి నేను చెప్పేదాకా తెలీదు. ఇప్పుడు మా ఇద్దరం కలిసి చూస్తాం.

బయటి లీగ్ కావాలంటే నాది జపాన్. జే-లీగ్ వాళ్ల ఇంటర్నేషనల్ యూట్యూబ్ ఛానెల్‌లో కొన్ని మ్యాచులు లైవ్ ఇస్తారు. అక్కడ మధ్యాహ్నం రెండు అంటే మనకి పొద్దున పదిన్నర, ఆదివారం టిఫిన్ తిని కూర్చుంటే సరిపోతుంది. మూడు డివిజన్లు, పైకీ కిందకీ మారుతుంటారు. ఓడిపోయాక కూడా టీమ్ మొత్తం గోల్ వెనక స్టాండ్ దాకా నడిచొచ్చి ఫ్యాన్స్‌కి వంగి నమస్కారం పెడతారు, అది మొదటిసారి చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. మీరు నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకోకుండా చూస్తే మాత్రం ఇంట్లో ఊరుకోరు, అది చూసుకోండి :)

---

గాజువాక_కీపర్:

ఇన్ని వివరాలు వస్తాయని అనుకోలేదు, అందరికీ పేరు పేరునా థాంక్స్. సెంటర్‌హాఫ్ గారూ, శ్రీనిధి మన ఊరి పేరు మీద మొదలైందని నిజంగా తెలీదండీ, మా బ్యాచ్‌లో ఎవరికీ తెలీదు, ఇందాకే గ్రూప్‌లో పెట్టాను.

ఒక్క డౌట్ మిగిలింది. స్వీడన్ మ్యాచ్ అని వెతికితే వచ్చే లింకుల్లో సగం బెట్టింగ్ సైట్లే ఉన్నాయి, మ్యాచ్ ఫ్రీ అంటారు, లోపలికి పోతే అకౌంట్ తెరవమంటారు. మా డ్యూటీలో ఒకతను ఇలాగే మొదలెట్టి తెలీని లీగుల మీద డబ్బు పెట్టి అప్పుల్లో పడ్డాడు. ఇది ఎలా తప్పించుకోవాలి?

---

బీచ్‌రోడ్_లెఫ్ట్‌బ్యాక్:

అన్నా దీని గురించి గట్టిగానే చెప్తా. ఆ లింకులు ముట్టుకోకు. చిన్న లీగుల మీద బెట్టింగ్ వాళ్ల కన్ను ఎక్కువ, ఎందుకంటే జీతాలు తక్కువ ఉన్న చోట ఆటగాణ్ణి కొనడం తేలిక, చూసేవాళ్లు తక్కువ కాబట్టి బయటపడేదీ తక్కువ. ఫిక్సింగ్ కేసులు ఎక్కువగా కింది డివిజన్లలోనే బయటపడతాయి చూడు, కారణం అదే. మనం ప్రేమగా చూసే ఆటని పాడుచేసేది అదే డబ్బు. ఒక్క రూపాయి పెట్టినా మన కన్ను బాల్ మీద నుంచి స్కోర్ మీదకి పోతుంది, ఇంక కీపర్ ఎక్కడ నిలబడ్డాడో ఎవడు చూస్తాడు.

నేను చేసేది చెప్తా. ముందు క్లబ్ సొంత సైట్, లీగ్ సొంత సైట్‌కి వెళ్తాను, మ్యాచ్ ఎక్కడ వస్తుందో అక్కడే రాస్తారు, స్ట్రీమింగ్ హక్కులు ఏడాదికోసారి చేతులు మారుతుంటాయి కాబట్టి సీజన్ మొదట్లో ఒకసారి చూసుకుంటే చాలు. లైవ్ దొరకని వారం స్కోర్ యాప్‌లో నా టీమ్ ఒక్కదానికే నోటిఫికేషన్ పెట్టుకుని, తర్వాత లీగ్ ఛానెల్‌లో హైలైట్స్ చూస్తా. క్లబ్ పేజీలో వాళ్ల భాషలో రాసింది ఫోన్‌లోనే ట్రాన్స్‌లేట్ చేసుకుని చదువుతా, దెబ్బలు తగిలినవాళ్లు ఎవరు, అకాడమీ నుంచి ఎవరొచ్చారు, అన్నీ అందులోనే ఉంటాయి. కామెంట్‌లో వైజాగ్ నుంచి చూస్తున్నాం అని రాస్తే వాళ్లు ఎంత సంబరపడతారో చూడు, పెద్ద క్లబ్ పేజీలో నీ కామెంట్ ఎవరికీ కనపడదు.

---

మద్దిలపాలెం_మిడ్‌నైట్:

+1. 2020 లాక్‌డౌన్‌లో యూరప్‌లో మిగతా లీగులన్నీ ఆగిపోయినప్పుడు బెలారస్ ఒక్కటే ఆడింది గుర్తుందా, మన దేశం బ్రాడ్‌కాస్టర్లు కూడా హక్కులు కొన్నారు. మా బ్యాచ్ మొత్తం అప్పుడే ఈ చిన్న లీగుల్లోకి వచ్చాం. మిగతా లీగులు మొదలవగానే చాలామంది వెళ్లిపోయారు, ఒక టీమ్‌ని పట్టుకున్నవాళ్లే మిగిలారు.

---

కంచరపాలెం_సెంటర్‌హాఫ్:

లెఫ్ట్‌బ్యాక్ బెట్టింగ్ గురించి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కీపర్ బాబూ, కళింగ స్టేడియంలో ఈసారి మ్యాచ్ పడినప్పుడు ఇక్కడ రాస్తాను, నీ షిఫ్ట్ చూసుకుని చెప్పు. వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే పేరు రాయండి, రైలు టికెట్లు కలిపి తీద్దాం. నెంబర్8 అమ్మా, మీ చెల్లిని కూడా తీసుకురా, ఆడపిల్లల మ్యాచ్ ఉన్న వారమే చూసి పెడదాం.

---

ఎంవీపీ_నెంబర్8:

అంకుల్ మేమిద్దరం వస్తాం, రాసుకోండి.

---

గాజువాక_కీపర్:

నేనూ వస్తాను అంకుల్, ఆదివారం అయితే షిఫ్ట్ మార్చుకుంటాను. టీమ్ కూడా ఖాయం చేశాను, లెఫ్ట్‌బ్యాక్ చెప్పినట్టే మ్యాప్ తీసి చూశాను, కానీ స్వీడన్ కాదు, కంచరపాలెం అంకుల్ చెప్పిన శ్రీనిధి. బయటి లీగ్‌కి మాత్రం మియాల్బీ. రాత్రి ఎనిమిది మ్యాచ్ అయితే బి-షిఫ్ట్ వారం తప్ప అన్నీ కుదురుతాయి.